గ్యాస్ అయిపోలేదు, కారిపోయింది: కారు ఏసీ లీకు పట్టుకుని సరిచేయడం ఎలా

రోహిణి కార్తెలో పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కారు. కారు పరిగెడుతున్నంతసేపూ ఏసీ బాగానే ఉంది. రాజోలు సెంటర్లో నాలుగు లారీల వెనక ఆగేసరికి ఉక్కగాలి మొదలైంది. వెనక సీట్లోంచి అత్తగారు "ఏసీ ఆపేశారా అల్లుడుగారూ?" అని నెమ్మదిగా అడుగుతారు. మర్నాడు షెడ్డుకెళ్తే వినిపించే మాట ఒక్కటే. "గ్యాస్ అయిపోయిందండి, కొట్టించేద్దాం."

అయిపోవడానికి అది పెట్రోలు కాదు. ఏసీ గ్యాస్ మూసిన గొట్టాల్లో అదే పనిగా తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. కారు ముందున్న కండెన్సర్లో వేడి వదిలి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్లో ఆవిరై లోపలి వేడిని లాక్కుని మళ్ళీ కంప్రెసర్ దగ్గరకే వస్తుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ళ తరబడి కాస్త కాస్త తగ్గడం మామూలే. కానీ ప్రతి వేసవికీ నింపాల్సి వస్తోందంటే ఎక్కడో చిల్లుందన్నమాట.

నేను ఈ సంగతి మూడు వేసవులు ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకే షెడ్డులో మూడుసార్లు గ్యాస్ కొట్టించాను. నాలుగో ఏడు మా ఊరి ఫ్రిజ్ మెకానిక్ బానెట్ తీసి, గ్యాస్ నింపే వాల్వు మూత తిప్పి, దాని మీద రెండు చుక్కలు సబ్బునీళ్ళు వేశాడు. ఒక బుడగ నెమ్మదిగా లేచి, శనగగింజంత అయి పగిలింది. దాని వెనకే ఇంకోటి. నా మూడు వేసవుల డబ్బు ఆ బుడగల్లోనే పోయింది. పాడైంది వాల్వు పిన్ను. పది నిమిషాల పని. అప్పట్నుంచి నాది ఒకటే రూలు: చిల్లు కనిపించనిదే గ్యాస్ కొట్టించను.

ముందు అది లీకేనా?

ఆగితే వేడి, పరిగెడితే చల్లన అనే లక్షణం గ్యాస్ తగ్గినా వస్తుంది, కండెన్సర్‌కి గాలి ఆడకపోయినా వస్తుంది. అందుకని ముందు ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే అప్పుడే గ్యాస్ జోలికి వెళ్ళకండి. ఫ్యూజు, రిలే, ఫ్యాను మోటారు చూపించండి.

ఫ్యాను తిరుగుతుంటే గ్రిల్‌లోంచి టార్చి వేసి చూడండి. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మన దగ్గర ధాన్యం తారురోడ్డు మీదే ఆరబోస్తారు కదా. ఆ గడ్డీ పొట్టూ తొక్కుకుంటూ పోయిన కారు కండెన్సర్ ఒక్క సీజన్లో పూడిపోతుంది. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో గుప్పెడు పొట్టు తీసిన సందర్భాలున్నాయి. మామూలు నీళ్ళ పైపుతో నెమ్మదిగా కడగండి. వాటర్ సర్వీసింగ్‌లో కొట్టే గన్ను దగ్గరగా పెడితే ఆ పల్చటి రేకులు వాలిపోయి కొత్త తలనొప్పి తెస్తాయి.

లోపల గాలి చల్లగా ఉన్నా తక్కువగా వస్తోందంటే క్యాబిన్ ఫిల్టర్ మార్చుకుంటే సరిపోవచ్చు. గాలి జోరుగా వస్తున్నా చల్లదనం లేకపోతేనే లీకు వెతుకులాట మొదలుపెట్టాలి.

కారు కింద నీళ్ళ మడుగు చూసి కంగారు పడేవాళ్ళు చాలామంది. గాలిలోని తేమ కూలింగ్ కాయిల్ మీద నీరై కిందికి కారుతుంది. మన ఉక్కకి ఆ నీరు ధారగానే వస్తుంది, వస్తే మంచిదే. ఆ నీళ్ళు కింద పడకుండా లోపల మ్యాట్ తడుస్తుంటే డ్రెయిన్ పైపు పూడిందని అర్థం, గ్యాస్‌కి దానితో సంబంధం లేదు. గ్యాస్ ఎప్పుడూ చుక్కలుగా కారదు. ఎక్కువ కార్లలో ఉండే ఆర్‌134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, బయటికి రాగానే గాలిలో కలిసిపోతుంది. రంగు ఉండదు, వాసన దాదాపు తెలియదు. దానితో పాటు బయటికొచ్చే నూనె మాత్రం అక్కడే అంటుకుని ఉంటుంది. మనం వెతికేది ఆ నూనెనే.

పాత రకం కంప్రెసర్ అయితే ఇంకో గుర్తు ఉంది. గ్యాస్ తగ్గితే కంప్రెసర్‌ని ఇంజన్‌కి కలిపే క్లచ్ కొన్ని క్షణాలకోసారి టక్కుమని పట్టి వదిలేస్తుంటుంది. కొత్త కార్లలో చాలావాటికి కంప్రెసర్ తనే పని తగ్గించుకుంటుంది కాబట్టి ఆ చప్పుడు కోసం ఎదురుచూసి లాభం లేదు.

చెయ్యి పెట్టేముందు

కళ్ళద్దాలు, చేతి గ్లౌజులు తప్పనిసరి. ఏసీ గ్యాస్ ద్రవంగా చర్మం మీద పడితే మంచుగడ్డలా కాల్చేస్తుంది, కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. పని చేసేచోట బీడీ, సిగరెట్, వెల్డింగ్ వద్దు. ఆర్‌134ఏ నిప్పుకి తగిలితే విషవాయువుగా మారుతుంది. గాలి కన్నా బరువైనది కాబట్టి సర్వీసింగ్ గొయ్యిలోకి దిగి ఈ పని చెయ్యకూడదు. కొబ్బరిచెట్ల నీడన, ఆరుబయట చేసుకోవడం అన్నిటికన్నా మేలు.

బానెట్ కింద స్టిక్కర్ చదవండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది అక్కడే ఉంటుంది. చిన్న కార్లకి సాధారణంగా 400 నుంచి 500 గ్రాముల లోపు పడుతుంది. కొన్ని కొత్త కార్లలో ఆర్‌1234వైఎఫ్ ఉంటుంది. దానికి కొద్దిగా మండే గుణం ఉంది, దాని వాల్వులూ వేరు. అదీ, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల ఏసీ కంపెనీ వర్క్‌షాపుకే వదిలేయండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్‌కి వెళ్ళే నారింజరంగు వైర్లలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

కంటితో వెతకడం

సగం లీకులు మంచి టార్చి, ఓ పాతగుడ్డ, చిన్న అద్దం ఉంటే దొరుకుతాయి. ఇంజన్ చల్లారాక కంప్రెసర్ దగ్గర్నుంచి ప్రతి పైపునీ చేత్తో పట్టుకుంటూ వెళ్ళండి. మిగతా అంతా పొడిదుమ్ముతో ఉండి ఒక్కచోట మాత్రం దుమ్ము నల్లగా, జిడ్డుగా ముద్దకట్టి ఉంటే అక్కడ ఆగండి.

మన రోడ్ల మీద తిరిగే కార్లకి కొన్ని అలవాటైన చోట్లున్నాయి. మొదటిది కండెన్సర్ కింది వరస. చెరువుగట్ల కంకరరోడ్ల మీద ముందు వెళ్ళే లారీ లేపిన రాయి తగిలేది అక్కడే. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో రాత్రంతా బయట ఉండే కారుకి ఉప్పుగాలి అల్యూమినియాన్ని తినేస్తుంది. తెల్లటి పొడి పూసిన మచ్చలు కనిపిస్తే అనుమానించండి. భీమవరం చుట్టుపక్కల చేపల లారీల నుంచి ఐసునీళ్ళు రోడ్డంతా కారుతుంటాయి. వాటి వెనకే రోజూ తిరిగేవాళ్ళు కారు ముందుభాగాన్ని మంచినీళ్ళతో కడుక్కుంటూ ఉండటం మంచిది.

ఆ తర్వాత రబ్బరు పైపుని అల్యూమినియం గొట్టానికి కలుపుతూ కాలర్ నొక్కినచోట్లు, పైపులు ఒకదానికొకటి గానీ బాడీకి గానీ ఒరుసుకునే చోట్లు చూడండి. క్లిప్పు ఊడిన పైపు గతుకులకి ఊగి ఊగి అరిగిపోతుంది. కంప్రెసర్ ముందు క్లచ్ చుట్టూ నూనె గిరగిరా చిమ్మినట్టు గీతగా ఉంటే షాఫ్ట్ సీలు పోయినట్టే. తోటల్లో నిలిపే కారైతే ఎలకలు కొరికిన ఆనవాళ్ళు కూడా చూడండి. అవి వైర్లు కొరికినా ఏసీ ఆగిపోతుంది, మనం లీకని వెతుక్కుంటూ కూర్చుంటాం.

గేజీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

లోపలి ప్రెషర్ చూపించే గేజీ సెట్టు ఉంటే పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు పెట్టి చూడండి. సన్నవాల్వు లో సైడు (తక్కువ ప్రెషర్ వైపు), లావుది హై సైడు (ఎక్కువ ప్రెషర్ వైపు). మూతల మీద ఎల్, హెచ్ అని ఉంటాయి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రెండూ ఒకటే చూపించాలి. ఆర్‌134ఏకి 30 డిగ్రీల వేడిలో సుమారు 95 పీఎస్‌ఐ, 35 డిగ్రీలకి 115 దగ్గర ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ అంకె సరిగ్గా ఉందంటే గ్యాస్ సరిపడా ఉందని కాదు. వంటగ్యాస్ బండ సంగతి గుర్తు తెచ్చుకోండి. నిండుగా ఉన్నా, అడుగున కొద్దిగానే మిగిలినా మంట ఒకేలా ఉంటుంది. ఎంతుందో తెలియాలంటే బండ ఎత్తి చూడాల్సిందే. ఇదీ అంతే. లోపల కొద్దిగా ద్రవం మిగిలి ఉన్నా ప్రెషర్ ఒకటే. 60 కన్నా కిందకి పడిపోయిందంటే మాత్రం ద్రవమంతా పోయిందని, సిస్టమ్ దాదాపు ఖాళీ అని అర్థం.

ఏసీ నడుస్తుండగా లో, హై రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే ఎక్కువ నింపారు, లేదా కండెన్సర్‌కి గాలి లేదు. లో ఎక్కువా హై తక్కువా అయితే కంప్రెసర్ నొక్కడం లేదు. అప్పుడు ఎన్ని డబ్బాలు పోసినా వృథా.

సబ్బునీళ్ళు

లోపల కాస్త ప్రెషర్ ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌లో కొంచెం నీళ్ళు కలిపి, చిక్కగా, నురగ లేకుండా చేసుకోండి. నురగ ముందే ఉంటే బుడగ ఏదో లీకు ఏదో తెలియదు. చిన్న బ్రష్‌తో ప్రతి జాయింటు చుట్టూ రాయండి. మా అమ్మమ్మ కాలంలో సైకిల్ ట్యూబుకి కుంకుడుకాయ పులుసు రాసేవారట. వాసన బాగుంటుంది కానీ దాని నిండా నురగే.

రాసి వెంటనే పక్కకి పోకండి. పెద్ద లీకు అప్పటికప్పుడు బుడబుడలాడుతుంది. చిన్నది రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది, గసగసాలంత తెల్లటి నురగ ఒక్కచోట పోగవుతుంది. ఇంజన్ ఆపి, ఫ్యాను ఆగాక చెయ్యండి. మొట్టమొదట చూడాల్సింది ఆ రెండు సర్వీస్ వాల్వులు. వాటి మూతలు కూడా సీలులో భాగమే. లోపల ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు సీలు ఉన్న మూత పోగొట్టి ఉత్త ప్లాస్టిక్ మూత పెట్టిన కార్లు బోలెడు.

దొరకని దొంగకి డై

నెలకి పది ఇరవై గ్రాములు పోయే లీకుని సబ్బు పట్టలేదు. దానికి యూవీ డై ఉంది, అంటే అతినీలలోహిత వెలుతురులో మెరిసే రంగు. గ్యాస్‌తో పాటు కొద్దిగా లోపలికి ఎక్కిస్తే అది నూనెలో కలిసి తిరుగుతుంది, లీకున్న చోట బయటికొస్తుంది. వారం రోజులు ఏసీ వాడి, రాత్రిపూట లైట్లు ఆపేసి, పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని యూవీ టార్చితో చూడండి. మొదటిసారి చూసినప్పుడు నాకు మిణుగురు గుర్తొచ్చింది. కాలర్ కింద అంత పచ్చటి వెలుగు, చుట్టూ చీకటి.

రెండు జాగ్రత్తలు. కొన్ని రేడియేటర్ కూలెంట్లు కూడా యూవీ కింద పచ్చగా మెరుస్తాయి, అది చూసి ఏసీ లీకనుకోకండి. డై ఎక్కించిన వాల్వు దగ్గర ఎలాగూ కొంత ఒలుకుతుంది, ముందే శుభ్రంగా తుడిచేయండి. ఈ వారంలో కారు వాటర్ సర్వీసింగ్‌కి ఇవ్వకండి, వానలో తిరిగినా గుర్తులు కొట్టుకుపోతాయి.

కూలింగ్ కాయిల్ మాత్రం డాష్‌బోర్డు లోపల ఉంటుంది, కంటికి అందదు. డ్రెయిన్ పైపులోంచి కారే నీళ్ళ మీద యూవీ టార్చి వేయండి. నీళ్ళు మెరిస్తే కాయిల్ పోయింది. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ ఉన్న షెడ్డయితే ఇంకా తేలిక. ఏసీ కాసేపు నడిపి ఆపేసి, అద్దాలు మూసి, ఓ పావుగంట ఆగాక వెంటు దగ్గర, డ్రెయిన్ పైపు దగ్గర దాని మూతి పెడతారు. గ్యాస్ బరువుగా కిందికి దిగుతుంది కాబట్టి ఏ జాయింటు దగ్గరైనా డిటెక్టర్‌ని అడుగువైపు తిప్పాలి. పైన తిప్పి "లీకు లేదండి" అంటే ఇంకోసారి కింద తిప్పమనండి, మొహమాటం వద్దు.

మొత్తం ఖాళీ అయితే నైట్రోజన్

సిస్టమ్ ఖాళీగా ఉంటే లీకు వెతకడానికని గ్యాస్ పొయ్యడం డబ్బు దండగ. నైట్రోజన్ నింపి సబ్బు రాయాలి. ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌ల దగ్గర ఆ సిలిండర్ ఉంటుంది. రెగ్యులేటర్ పెట్టి 150 పీఎస్‌ఐ దాటకుండా ఎక్కించి, వాల్వు మూసి, గంటో రెండు గంటలో ముల్లు కదులుతుందేమో చూడాలి. మధ్యాహ్నం పెట్టి తెల్లారి చూస్తే, లీకు లేకపోయినా చల్లబడినందుకు నాలుగైదు పీఎస్‌ఐ తగ్గుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు.

రొయ్యపిల్లల ప్యాకింగుకి ఆక్సిజన్ సిలిండర్లు మన దగ్గర వీధివీధికీ దొరుకుతాయి. దగ్గర్లో ఉంది కదా అని దాన్ని మాత్రం ఏసీకి తగిలించకండి. లోపలున్న నూనెకి ప్రెషర్లో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ కూడా వద్దు, ఆ గాలితో తేమంతా లోపలికి పోతుంది, ప్రెషర్లో గాలి కలిస్తే ఆర్‌134ఏ కూడా మండే వీలుంది.

సరిచేయడం

వాల్వు పిన్ను అయితే అదృష్టం. చూడ్డానికి టైరు ట్యూబు పిన్నులాగే ఉంటుంది, కానీ ట్యూబు పిన్ను రబ్బరు ఈ గ్యాస్‌కీ నూనెకీ నిలవదు. ఏసీ పిన్నే అడగండి.

జాయింటు దగ్గర కారుతుంటే బిగించి చూద్దామనిపిస్తుంది. ఒకసారి పోయిన ఓ రింగ్ బిగిస్తే బాగవదు, అల్యూమినియం మర మాత్రం పోతుంది. గ్యాస్ తీసేశాకే జాయింటు విప్పాలి. గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా పట్టుకునే రికవరీ మెషిన్ ఉన్నచోట తీయించండి. ఆర్‌134ఏ వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1430 రెట్లు బలమైనది. అరకిలో గాల్లోకి వదిలితే 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. ఈ రకం గ్యాస్‌ల వాడకం తగ్గిస్తామని 2021లో కిగాలీ సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందానికి మన దేశం కూడా ఒప్పుకుంది.

విప్పేటప్పుడు రెండు పానాలు వాడండి. ఒకటి నట్టుకి, ఇంకోటి అవతలి గొట్టం మెడకి. ఒక్క పానాతో తిప్పితే గొట్టం చెరకుగడలా మెలితిరుగుతుంది. పాత ఓ రింగ్ గోరుతో తీయండి, స్క్రూడ్రైవర్ గీత పడిందంటే అక్కడ మళ్ళీ లీకే. కొత్తది ఏసీకి వాడే ఆకుపచ్చ రకం, అదే సైజు ఉండాలి. దానికి కంప్రెసర్ నూనె రెండు చుక్కలు రాసి ఎక్కించండి. పొడిగా బిగిస్తే మెలిపడి తెగుతుంది.

అల్యూమినియం గొట్టానికి చిల్లయితే ఆర్గాన్ వెల్డింగ్‌తో పూడ్చవచ్చు, బాగా చేసేవాళ్ళు దొరికితే అది నిలుస్తుంది. కండెన్సర్ మధ్యలో చిల్లయితే ఎంసీల్ పూసి పంపేవాళ్ళున్నారు. హై సైడు ప్రెషర్ ఎండలో 200 పీఎస్‌ఐ దాటుతుంది. పూసిన ముద్ద ఎంతకాలం ఆగుతుందో మీరే ఆలోచించండి. కండెన్సర్ మార్చడమే నయం. కూలింగ్ కాయిల్ సంగతీ అంతే, పైగా డాష్‌బోర్డు దించి ఎక్కించే కూలీ కాయిల్ ధరతో పోటీపడుతుంది. అందుకని కాయిల్ పోయిందని రుజువు చూడకుండా డాష్‌బోర్డు విప్పనివ్వకండి. లీకులు పూడ్చే ద్రవాలని డబ్బాలో అమ్మేవి నేను వాడను. అవి చిల్లుతో పాటు, కాయిల్లోకి గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వునీ పూడ్చేస్తాయి.

ఏ భాగం మార్చినా దానితో పోయిన నూనె మళ్ళీ పొయ్యాలి. ఎంత, ఏ గ్రేడు అన్నది కంపెనీ పుస్తకం చెప్పినట్టే.

డ్రయ్యర్, వాక్యూమ్, తూకం

సిస్టమ్ విప్పి ఉన్నంతసేపూ గొట్టాల మూతులకి ప్లాస్టిక్ కవరు బిగించి ఉంచండి. వానాకాలం మన గాలి పిండితే నీళ్ళొస్తాయి, ఏసీ నూనె ఆ తేమని ఉప్పులా పీల్చుకుంటుంది. లోపలికెళ్ళిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వులో మంచై అడ్డుపడుతుంది, ఆమ్లంగా మారి లోపల్నుంచి తినేస్తుంది. సిస్టమ్ ఖాళీగా రోజుల తరబడి ఉండిపోతే లోపలి తేమ పీల్చే డ్రయ్యర్ కొత్తది వెయ్యాల్సిందే.

తర్వాత లోపలి గాలిని లాగేసే వాక్యూమ్ పంపు. డెల్టా అంతా సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి గేజీ ముల్లు పాదరసం లెక్కలో 29 అంగుళాల దగ్గరకి రావాలి. అక్కడికి వచ్చాక కూడా పంపు అరగంటకి తక్కువ కాకుండా నడవాలి, వానాకాలం ముప్పావుగంట. పది నిమిషాలు నడిపి ఆపేస్తే గాలి పోతుంది కానీ తేమ పోదు. పంపు ఆపి అరగంట ఆగండి. ముల్లు నిలబడితే మంచిదే, కానీ వాక్యూమ్ పరీక్షలో నెగ్గిన లీకులూ ఉంటాయి. వాక్యూమ్ లోపలికి లాగుతుంది, గ్యాస్ బయటికి తోస్తుంది. నైట్రోజన్ పరీక్షకి ఇది బదులు కాదు.

నింపడం తూకంతోనే. స్టిక్కర్ మీద 480 గ్రాములని ఉంటే, 450 గ్రాముల డబ్బాలు రెండూ పోసేసి "ఫుల్ కొట్టానండి" అనేవాళ్ళున్నారు. ఎక్కువైతే చల్లదనం తగ్గి కంప్రెసర్ మీద భారం పడుతుంది. డబ్బాని చిన్న కాటా మీద పెట్టి చూసుకుంటూ ఎక్కించండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు లో సైడులోంచే, డబ్బా నిటారుగా. తిరగేస్తే ద్రవం వెళ్ళి కంప్రెసర్‌ని కొడుతుంది. హై సైడు కుళాయి ఆ సమయంలో తెరిస్తే ప్రెషర్ డబ్బాలోకి తన్ని అది పేలుతుంది. డబ్బా నెమ్మదిస్తే చెయ్యి పెట్టగలిగే గోరువెచ్చని నీళ్ళ బకెట్లో ఉంచండి, మంట చూపించకండి. వంటగ్యాస్ కలిపిన చవక డబ్బాలు ఎవరైనా చూపిస్తే అక్కడ్నుంచి కారు తీసుకుని వచ్చేయండి.

నింపడం అయ్యాక రీసర్క్యులేషన్ పెట్టి, ఇంజన్ కాస్త రేజ్ చేసి, మధ్య వెంటులో థర్మామీటర్ ఉంచండి. 35 డిగ్రీల ఎండలో మన ఉక్కకి 10 డిగ్రీల అటూ ఇటూ వస్తే సంతోషించవచ్చు. చేసిన జాయింటుకి ఇంకోసారి సబ్బు రాసి, వాల్వు మూతలు బిగించి, పాత డై మరకలు తుడిచేయండి. ఎన్ని గ్రాములు పోశారో, ఏ తేదీనో మార్కర్‌తో బానెట్ లోపల రాసిపెట్టుకోండి. వచ్చే వేసవి ఎవరైనా "గ్యాస్ అయిపోయిందండి" అంటే ఆ బానెట్ ఎత్తి చూపించవచ్చు.